రొట్టె, తీర్థం, ప్రార్థన నూనె: అన్నవాహిక ఆపరేషన్ అయిన ఒక పసిబిడ్డ కేసు

నేను నెల్లూరులో ఒక ఆస్పత్రిలో పసిబిడ్డల విభాగం చూసే పిల్లల డాక్టర్ని. ఈ కేసు రాయడం ఆపరేషన్ గురించి కాదు, ఆ సంగతి సర్జన్లు నాకంటే బాగా రాస్తారు. ఆపరేషన్ అయిన బిడ్డ చుట్టూ ఇంటివాళ్లు తెచ్చే తీర్థం, విభూతి, తాయెత్తు, ప్రార్థన నూనె గురించి ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, రోజూ ఏదో ఒకటి తేలుస్తూనే ఉంటాం. అందులో ఒక్కటీ కేస్ షీట్‌కు ఎక్కదు. సిస్టర్ వద్దంటుంది, డ్యూటీ డాక్టర్ కసురుకుంటాడు, సెక్యూరిటీ బయటికి పంపించేస్తాడు. అంతటితో అయిపోయిందనుకుంటాం. ఈ బిడ్డ విషయంలో అంతటితో అయిపోలేదు. తల్లిదండ్రులు రాసుకోమన్నారు. ఊరు, వయసులు, మరికొన్ని గుర్తులు మార్చాను.

నేపథ్యం

తండ్రి సముద్రం వైపు మండలంలో రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. పగలు మేత వెయ్యడం, రాత్రి ఏరేటర్లకు, అంటే గుంట నీళ్లకు గాలి అందించే మిషన్లకు, కాపలా. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వెయ్యకపోతే సరుకంతా తేలిపోతుంది కాబట్టి ఆస్పత్రిలో కూర్చున్నా అతని చెవి ఫోన్ మీదే ఉండేది. తల్లికి తొలి కాన్పు. ఆమె పుట్టిల్లు కందుకూరు వైపు, తరాలుగా బాప్టిస్టు చర్చికి వెళ్లే ఇల్లు. ప్రకాశం జిల్లాలో అలాంటి ఇళ్లకు కొదవలేదు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల అది. అత్తగారిల్లేమో జొన్నవాడ కామాక్షమ్మను కొలిచే ఇల్లు. కులం ఒకటే, దేవుళ్లు వేరు. పెళ్లి రెండు పద్ధతుల్లోనూ జరిగిందట. బయటి జిల్లాల వాళ్లకు వింతగా ఉంటుందేమో గానీ మా ఓపీలో ఇది రోజూ చూసేదే.

ఎనిమిదో నెల స్కానింగ్‌లో ఉమ్మనీరు ఎక్కువుందని రాశారు. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగలేకపోతే అది పేరుకుపోతుంది. ఉమ్మనీరు పెరగడానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకుని ఎవరూ పెద్ద ఆస్పత్రికి పొమ్మనలేదు. కాన్పు దగ్గరి ఊళ్లో జరిగింది. మగబిడ్డ, రెండున్నర కిలోలు, గట్టిగా ఏడ్చాడు. కాసేపటికి జేజి, అంటే తండ్రి తల్లి, వేలితో పంచదార నీళ్లు నాకించింది. బిడ్డ నురగలు కక్కి, దగ్గి, నీలంగా మారాడు. అక్కడి సిస్టర్ తెలివైన మనిషి. ముక్కులోంచి ట్యూబు వేసి చూసింది, పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. నోరు సక్షన్ చేసుకుంటూ అదే రాత్రి మా దగ్గరికి పంపారు.

ఎక్స్‌రేలో ట్యూబు పై సంచిలో చుట్ట చుట్టుకుని కనిపించింది, కింద పొట్టలో గాలి ఉంది. అన్నవాహిక మధ్యలో తెగి పైముక్క మూసుకుపోవడం, కింది ముక్క శ్వాసనాళానికి అతుక్కుని ఉండడం ఈ జబ్బు. సుమారు మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది, వాళ్లలో నూటికి ఎనభై ఐదుగురికి ఇదే రకం. బిడ్డ మింగిన ఉమ్మి పైనుంచి ఊపిరితిత్తుల్లోకి పొంగుతుంది, కడుపులో ఆమ్లం కిందనుంచి ఎగదన్నుతుంది. 1941లో అమెరికాలో ఒకే ఆపరేషన్‌తో రెండు ముక్కలూ కలిపి బిడ్డను నిలబెట్టేదాకా దాదాపు అందరూ పోయేవాళ్లే. ఇప్పుడు బరువు సరిగా ఉండి, గుండెలో పెద్ద లోపం లేని బిడ్డ బతకడమే మామూలు.

రాహుకాలం

మొదటి చిక్కు ఆపరేషన్‌కు ముందే వచ్చింది. శుక్రవారం పొద్దున సర్జన్ చూసి, ఈరోజే చేద్దామన్నారు. జేజి ఒప్పుకోలేదు. "ఇయ్యాల రోజు బాగలేదమ్మా, రేపు చేపిద్దాం. ఒక్కరోజులో ఏమౌతాది?" అంది. తండ్రి సంతకం పెట్టకుండా తల్లి మొహం చూస్తూ నిలబడ్డాడు.

ఇలాంటప్పుడు మనవాళ్లు రెండే పనులు చేస్తారు. "ఆలస్యమైతే మీదే బాధ్యత" అని రాయించుకోవడం, లేకపోతే మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడం. నేను ముందు చూసుకున్నది, మా చేతిలో నిజంగా ఎంత వ్యవధి ఉంది అన్నది. ఇది నిమిషాల మీద చేసే ఆపరేషన్ కాదు. పై సంచిలో ట్యూబు పెట్టి ఆపకుండా సక్షన్ చేస్తూ, తల ఎత్తి పడుకోబెడితే కొన్ని గంటలు నెట్టుకురావచ్చు. పైగా ఎకో, అంటే గుండె స్కానింగ్, చూడకుండా సర్జన్ మొదలుపెట్టరు. గుండెలో లోపం ఉందా, పెద్ద రక్తనాళం ఏ పక్కకు తిరిగింది అన్నది తెలిస్తేనే ఛాతీ ఏ వైపు తెరవాలో తేలుతుంది. ఎకో చేసే డాక్టర్ వచ్చేసరికి ఎలాగూ పదకొండు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. కాబట్టి ఆ వ్యవధి ఇవ్వడానికి మాకు ఖర్చయ్యేది ఏమీ లేదు. రేపటి దాకా ఆగితే మాత్రం ఉంది. గంట గంటకూ ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుంది, రేపటికి న్యుమోనియా వస్తే అదే ఆపరేషన్ రెండింతలు కష్టమవుతుంది.

"పెద్దమ్మా, రాహుకాలం పోయినాకే మొదలుపెడతాం. రేపటి దాకా మాత్రం ఆగలేం" అని, ఎందుకు ఆగలేమో సక్షన్ ట్యూబులోంచి వస్తున్న నురగ చూపించి చెప్పాను. ఆమె ఆ నురగను చాలాసేపు చూసింది. పంచాంగం మాట మళ్లీ ఎత్తలేదు. పన్నెండున్నరకు బిడ్డను లోపలికి తీసుకెళ్లారు.

మా విభాగంలో కొందరికి ఇది నచ్చలేదు. ఒకసారి తలొగ్గితే ప్రతిదానికీ అడుగుతారన్నారు. నేను తలొగ్గింది ఎక్కడ? ఆపరేషన్ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఇంకో మాట. పండగకు థియేటర్ తలుపుకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టే మనం, వాళ్ల రాహుకాలాన్ని చూసి నవ్వడం నాకెప్పుడూ అర్థం కాదు.

ఆపరేషన్ తర్వాత: మొదట పెట్టిన నియమం

కుడివైపు ఛాతీ తెరిచి, శ్వాసనాళానికి ఉన్న దారి మూసి, రెండు కొసలూ కలిపారు. కొసల మధ్య దూరం కాస్త ఎక్కువే, లాగి కుట్టాల్సి వచ్చిందని సర్జన్ చెప్పారు. కుట్టు దాటి పొట్టలోకి సన్నటి ట్యూబు వదిలారు. ఛాతీ పక్కన డ్రెయిన్, అంటే లోపల చేరే ద్రవం బయటికి పోయే గొట్టం. వెంటిలేటర్. నోటికి ఏమీ ఇవ్వకూడదు. వారం రోజుల ప్రాంతంలో డై వేసి ఎక్స్‌రే తీసి, కుట్టు నిలిచిందని చూశాకే నోటికి పాలు.

అప్పటికి మా దగ్గర ఉన్న పద్ధతి చాలా సులువు: బయటి వస్తువు ఏదైనా లోపలికి రాకూడదు. అది కాగితం మీద రాసి తండ్రి చేత సంతకం పెట్టించాం. ఆ నియమం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చూడాలంటే ఆ రోజుల్లో ఏమేం వచ్చాయో చూడాలి.

మొదట వచ్చింది రొట్టె. అవి మొహర్రం రోజులు, నెల్లూరులో రొట్టెల పండగ. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఆరోగ్యానికి ఒక రొట్టె, సంతానానికి ఒక రొట్టె, ఉద్యోగానికి, పెళ్లికి, చదువుకు. మళ్లీ ఏడు కోరిక తీరితే ఆ రొట్టెను ఇంకొకరికి ఇవ్వాలి. పురుడు వచ్చింది కాబట్టి జేజి గుడికి పోకూడదు, ఇంట్లో దీపం కూడా పెట్టకూడదు. దర్గాకు ఆ పట్టింపు లేదనుకుంది. చెరువులో నిలబడి, ఎవరో గుంటూరామె దగ్గర ఆరోగ్య రొట్టె పుచ్చుకుంది. సగం తను తిని, మిగతా సగం తడిసిన చీరకొంగులో కట్టుకుని నేరుగా ఎన్‌ఐసీయూకి వచ్చింది. ఒక్క పలుకు బిడ్డ పెదాలకు తాకిస్తానంది.

తర్వాత అమ్మమ్మ. ఆమె చిన్న సీసాలో ప్రార్థన చేసిన నూనె తెచ్చింది, ఛాతీకి రాయాలని. ఆ తర్వాత తాయెత్తు. పురుడు వెళ్లాక జొన్నవాడ తీర్థం. వీటితో పాటు, మాకు ఆలస్యంగా తెలిసింది, తల్లి ఉపవాసం.

రొట్టెను ఆరోజు సిస్టర్ వెనక్కి పంపేసింది. తండ్రి గొడవ పడలేదు, సంతకం పెట్టింది అతనే కదా. కాగితం సంగతి జేజికి తెలియదు, ఆమె చదువుకోలేదు. మాట అన్నది ఎవరితోనో, పాటించాల్సింది ఎవరో. నియమం పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం. రెండో కారణం పెద్దది: అన్నిటికీ ఒకే 'వద్దు' చెప్పడం వల్ల ఏది నిజంగా ప్రమాదమో వాళ్లకు తెలియలేదు. విభూతి వద్దన్న గొంతుతోనే నోట్లో నీళ్లు వద్దన్నాం. సిస్టర్ చూడకుండా విభూతి పెట్టారు, బిడ్డకేమీ కాలేదు. అలాంటప్పుడు నీళ్లు మాత్రం ఎందుకు పెట్టకూడదు అనుకోరా?

లీకు

ఏడో రోజు తీసిన డై ఎక్స్‌రేలో కుట్టు పక్కన చిన్న చార కనిపించింది. ముందురోజు నుంచే డ్రెయిన్‌లో ఉమ్మి నురగ పడుతోంది. ఈ ఆపరేషన్ తర్వాత పదిమందిలో ఒకరిద్దరికి ఇలా లీకవుతుంది, కొసలను లాగి కుట్టినచోట ఇంకాస్త ఎక్కువ. చిన్నదైతే మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు. డ్రెయిన్ అలాగే ఉంచి, యాంటీబయాటిక్ ఇస్తూ, ట్యూబు ద్వారా పాలు పోస్తూ ఆగితే చాలావరకు దానంతటదే మూసుకుంటుంది.

తండ్రికి ఎలా చెప్పాలా అని ఆలోచించి, అతని పనిలోంచే చెప్పాను. "గట్టు తెగలేదు, ఊట పడింది. గండి పడితే గుంట ఖాళీ చెయ్యాలి. ఊటకైతే నీళ్లు బయటికి పోయే దారి ఉంచి, మట్టి బిగిసేదాకా ఆగుతాం." వెంటనే అర్థమైంది. కానీ అతను అడిగింది ఊట గురించి కాదు. "మేడం, మాయమ్మ రొట్టె తాకిచ్చినందుకేనా?"

రొట్టె అసలు లోపలికే రాలేదు. ఆ మాట చెప్పాను. కానీ అప్పటికే ఇంట్లో తప్పు ఎవరిదో తేల్చే పంచాయితీ మొదలైంది. మేనత్త ఒకామె, ఏడో నెలలో గ్రహణం నాడు కోడలు బయట తిరిగిందని అంది. అమ్మమ్మ వైపువాళ్లు, దర్గాలకూ గుళ్లకూ తిరిగితే ప్రభువు ఎలా వింటాడన్నారు. తల్లి ఎవరితోనూ మాట్లాడడం మానేసింది.

అదే వారం మరో రెండు సంగతులు జరిగాయి. పాలు పిండి తెచ్చే సీసాలు రోజురోజుకూ ఖాళీ అవుతున్నాయని సిస్టర్ గమనించింది. తల్లి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉపవాస ప్రార్థన పట్టిందని అప్పుడు తెలిసింది. పచ్చి బాలింత, నీళ్లు కూడా తాగడంలేదు. రెండోది, జేజి తడి గుడ్డ కొసతో బిడ్డ పెదాలు తుడుస్తూ రాత్రి డ్యూటీ సిస్టర్ కంటపడింది. జొన్నవాడ తీర్థం. "నేనేమీ పోయలేదమ్మా, బిడ్డ నోరు ఎండిపోయుండాది, కొస తగిలిచ్చినా అంతే" అంది.

డ్యూటీ డాక్టర్ ఆమెను ఇక లోపలికి రానివ్వొద్దన్నాడు. నియమం ప్రకారం అతను చెప్పింది సరైనదే. నేను ఆపాను. ఆమెను బయట పెడితే తీర్థం ఆగదు, కోడలి చేతికో కొడుకు చేతికో మారుతుంది, అప్పుడు మన కంటికి కూడా కనపడదు. బయట వరండాలో ఆమె పక్కన కూర్చుని ఒకటే అడిగాను: "నోటికే ఎందుకు పెద్దమ్మా? తలకు రాసుకుంటే చాలదా?"

చాలాసేపు ఏవేవో చెప్పింది. చివరికి అసలు మాట వచ్చింది. పుట్టిన బిడ్డ నోట్లో మొదట వేలు పెట్టింది తనే. ఆ వేలుతోనే బిడ్డ నీలమయ్యాడు. "నా చేత్తో పెట్టిందే ఇషమైపోయిందమ్మా. ఆ చేత్తోనే అమ్మ తీర్థం పెడితే గానీ దోసం పోదు." రొట్టె కథా అదే, తీర్థం కథా అదే.

అప్పటిదాకా మేము దీన్ని నమ్మకం సమస్యగా చూస్తున్నాం. అక్కడ ఉన్నది పశ్చాత్తాపం. దానికి నమ్మకం ఒక దారి చూపించింది, మేము ఆ దారికి అడ్డం నిలబడ్డాం.

పనిచేసినవి

ముందు ఆమెకు జబ్బు ఎప్పుడు పుట్టిందో చెప్పాను. అన్నవాహిక, ఊపిరి గొట్టం మొదట ఒకటే గొట్టంగా ఉండి, కడుపులో పడ్డ నాలుగైదు వారాల్లో రెండుగా విడిపోతాయి. చాలామందికి నెల తప్పిందని తెలిసే రోజులవి. అప్పటికే అయిపోయిన పని పుట్టాక పెట్టిన పంచదార నీళ్లతో రాదు, ఏడో నెల గ్రహణంతోనూ రాదు. పుట్టిన బిడ్డకు పంచదార నీళ్లు పెట్టకూడదు, అది వేరే సంగతి, ఆ మాటా మొహమాటం లేకుండా చెప్పాను. కానీ ఈ జబ్బు ఆ వేలిది కాదు. ఇదే మాట మేనత్త వచ్చినప్పుడు తల్లి ఎదురుగానే మళ్లీ చెప్పాను, ఎందుకంటే ఎక్కువ అవసరం తల్లికి. ఆమె చెవిలో విడిగా చెబితే ఇంట్లో చెల్లదు.

తర్వాత నోటి సంగతి. బిడ్డ తన ఉమ్మి తను మింగుతూనే ఉన్నాడు, అది కుట్టు మీదుగానే పోతోంది. కాబట్టి తడి తగిలితే కుట్టు ఊడిపోతుందని చెప్పడం అబద్ధమవుతుంది, అబద్ధం చెప్పి గెలవడం నాకిష్టం లేదు. ప్రమాదం వేరు. కాచని నీళ్లలోని క్రిములు లీకున్నచోట ఛాతీలోకి పోవచ్చు. ఆకలి మీదున్న బిడ్డ గుడ్డ కొసను గట్టిగా చప్పరిస్తే చుక్కలు చుక్కలు లోపలికి దిగుతాయి, ఊపిరిలోకీ పోతాయి. ఇది ఉన్నదున్నట్టు చెప్పి, సర్జన్‌ను అడిగి ఒక ఏర్పాటు చేశాం. తల్లి పిండిన పాలలో దూది ముంచి, చుక్క రాలకుండా పూర్తిగా పిండేసి, బిడ్డ పెదాలకూ బుగ్గల లోపలికీ అద్దడం. మొదట సిస్టర్ చేతిమీదుగా, తర్వాత జేజి చేత. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గౌను వేసుకుని, ఆమె వేళ్లు వణుకుతుంటే ఆ దూది అద్దింది. బిడ్డ పెదాలు చప్పరించాడు. మానిటర్ మీద అంకెలు కదల్లేదు. ఆ తర్వాత తీర్థం గురించి ఆమె మమ్మల్ని అడగలేదు.

అయినా ఆమె మనసులో ముల్లు ఉండకూడదని, గుళ్లో తెలిసిన అర్చకుడితో మాట్లాడి రమ్మని కొడుకును పంపించాను. తల్లి పుచ్చుకుంటే బిడ్డ పుచ్చుకున్నట్టేనని ఆయన చెప్పి పంపారట. ఇది నేను చెబితే డాక్టరమ్మ తప్పించుకుంటోంది అనుకునేవాళ్లు. శాస్త్రం మీద నాకున్న అధికారం శాంతి మీద లేదు.

ఉపవాసం విషయంలోనూ అదే దారి. అమ్మమ్మను అడిగి వాళ్ల పాస్టర్‌కు ఫోన్ చేయించాను. ఏం చెప్పాలో నేను చెప్పలేదు. ట్యూబులో పొయ్యడానికి తల్లిపాలే కావాలని, ఉపవాసం మొదలయ్యాక పాలు ఎంత తగ్గాయో మాత్రం చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. బాలింత ఉపవాసం ఉండకూడదు, ఆమె బదులు సంఘం ఉంటుంది అన్నారు. ఆ సాయంత్రమే అమ్మమ్మ క్యారియర్‌లో వెల్లుల్లి కారం, అన్నం పట్టుకొచ్చి దగ్గర కూర్చుని తినిపించింది. సీసాలు మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పట్టింది.

నూనె మాత్రం పూర్తిగా ఆపాం. ఆ 'వద్దు'కు కారణం విడిగా చెప్పాలి. ముక్కు దగ్గర ప్లాస్టరు పట్టి ఉంచిన ట్యూబు కుట్టు దాటి వెళ్లింది. చర్మానికి జిడ్డు తగిలితే ప్లాస్టరు ఊడుతుంది, ట్యూబు జారుతుంది. అది జారితే తిరిగి గుడ్డిగా తొయ్యకూడదు, తోస్తే పచ్చి కుట్టును చీల్చుకుని పోతుంది. అరికాలికి రాస్తామన్నారు, అక్కడ ఆక్సిజన్ చూసే ప్రోబ్ ఉంది. తల్లి నుదుట రాసి, బిడ్డ మీద చెయ్యి ఉంచకుండా పైన చాచి ప్రార్థన చేసుకోమన్నాం. తాయెత్తును ప్లాస్టిక్ కవర్లో వేసి అంటించి బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కమ్మీకి కట్టాం, చేతికి కడితే ఐవీ లైను మీద బిగుస్తుంది. విభూతి తల్లిదండ్రుల నుదుట. ఇలా విడదీసి చెప్పాక 'వద్దు' అన్నవి రెండే మిగిలాయి: నోరు, ట్యూబుల దగ్గరి చర్మం. ఆ రెంటినీ ఇంట్లో ఎవరూ దాటలేదు. ఇద్దరు వియ్యపురాళ్లూ ఒకరిమీద ఒకరు కాపలా కాశారు. దాని వెనక భక్తి ఎంతో, వియ్యపురాళ్ల పట్టింపు ఎంతో నేను చెప్పలేను.

లీకు మూసుకుంది. రెండో డై ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. జేజి అమ్మవారు కాపాడిందంది, అమ్మమ్మ ప్రభువు స్వస్థపరిచాడంది, సర్జన్ డ్రెయిన్ సరైనచోట ఉందన్నారు. ఎవరినీ సరిదిద్దలేదు. అందువల్ల బిడ్డకు నష్టం లేదనుకున్నాను.

ఇంటికి వెళ్లాక

నష్టం ఎక్కడుందో తర్వాత తెలిసింది. "గండం గడిచింది" అన్న మాటలో ఉంది.

ఈ జబ్బులో కుట్టు మానినా కథ అయిపోదు. కుట్టిన చోట మచ్చ బిగిసి దారి సన్నబడడం చాలామందిలో జరుగుతుంది, లీకైన బిడ్డల్లో మరీ. అప్పుడు మత్తు ఇచ్చి సాగదియ్యాలి, కొందరికి పలుమార్లు. ఇదంతా డిశ్చార్జి కార్డులో రాశాం. మొదటి నెల తేదీకి బిడ్డను తీసుకొచ్చారు, బరువు బాగా పెరిగింది. ఆ తర్వాతి తేదీకి రాలేదు. ఫోన్ చేస్తే తండ్రి గుంటల మీదున్నానన్నాడు, తల్లి ఎత్తలేదు. ఆశా కార్యకర్తను పంపితే విషయం బయటపడింది. బిడ్డ పాలు తాగిన వెంటనే కక్కుతున్నాడు, ఒక్కో రొమ్ముకు అరగంట పైనే పడుతోంది. అయినా జేజి ఆస్పత్రికి వద్దంది. అమ్మ గండం దాటించాక మళ్లీ ఆ మెట్లెక్కితే అమ్మను అనుమానించినట్టేనంది. మొక్కు తీరేదాకా, అంటే జొన్నవాడలో ఒక రాత్రి నిద్ర చేయించేదాకా, ఆగాలట.

ఇక్కడ రాహుకాలం తర్కం సరిపోదు. ఇచ్చేందుకు మా దగ్గర వ్యవధి లేదు. కక్కిన పాలు ఊపిరిలోకి పోతే న్యుమోనియా, తాగింది దిగకపోతే బరువు తగ్గుతుంది. ఈసారి ఎవరినీ మధ్యలో పెట్టలేదు, నేనే జేజితో ఫోన్లో మాట్లాడాను. "బిడ్డకు దూది అద్దింది నువ్వే కదా పెద్దమ్మా, ఇప్పుడు వాడు మింగలేకపోతుంటే ముందు నీకే తెలియాలి. పాలు తాగేటప్పుడు వాడి మెడ చూశావా?" అన్నాను. మెడ వెనక్కి విరుచుకుంటున్నాడని చెప్పింది. ఎన్ని రోజుల నుంచో కూడా చెప్పింది. ఆమె అన్నీ చూస్తూనే ఉంది. మర్నాడు పొద్దున బస్సులో తనే ఎత్తుకొచ్చింది. దారి బాగా సన్నబడింది. ఆరోగ్యశ్రీ కింద సాగదీశారు, తర్వాత మరికొన్ని సార్లు.

ఆ నాటి నుంచి మా డిశ్చార్జి మాటల్లో ఒకటి మార్చాం. "ఆపరేషన్ విజయవంతం" అని చెప్పి పంపడంలేదు. "మొదటి గండం గడిచింది, సన్నబడే గండం ఉంది, దానికి ఈ తేదీలు" అని చెబుతున్నాం. వాళ్ల మొక్కు తేదీని కూడా మా ఫాలోఅప్ తేదీల పక్కనే రాస్తున్నాం. అది తెలిస్తే దేనికి దేన్ని వాయిదా వేస్తారో ముందే కనపడుతుంది.

గుడి నిద్ర సంగతి కూడా తేల్చాం. టీకాలు పడ్డాక, సాగదీయడాలు తెరిపిన పడ్డాక, పాలు తాగిన గంట తర్వాతే పడుకోబెట్టాలని, తల వైపు ఎత్తు ఉండాలని, జనం రద్దీ లేని మామూలు రోజున వెళ్లాలని. పండగ రోజు వెళ్తామని పట్టుబట్టారు గానీ ఈసారి తల్లే ఒప్పుకోలేదు. అమ్మమ్మ కూడా వెళ్లి గుడి బయట కూర్చుందట.

ఈ పద్ధతికి ఉన్న హద్దు

ఈ కేసు మా మీటింగులో చెప్పినప్పుడు ఒక సీనియర్ అన్నారు: "పాస్టరు మంచివాడు కాబట్టి సరిపోయింది. మందులు ఆపెయ్యమనే పాస్టరు దొరికితే?" నిజమే. అలాంటి కేసు వేరొకటి నాకు తగిలింది. ఈ ఫోన్ల పద్ధతి అక్కడ పనికిరాలేదు. వాళ్ల పెద్దమనిషే వైద్యానికి అడ్డమైనప్పుడు ఆయన చేత ఒప్పించాలని చూడడం ఆయన చేతికి ఇంకాస్త బలం ఇవ్వడమే. అప్పుడు ఆస్పత్రి పెద్దలతో కలిసి జిల్లా బాలల సంక్షేమ కమిటీకి తెలియజెయ్యాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, ఇంటివాళ్ల కోపం భరించాలి. రెండు రకాల కేసులకూ తేడా మొదటి రోజే తెలిసిపోదు. నేను చూసుకునేది ఒకటే: మేము అడిగిన దానికి వాళ్లు కారణం చెబుతున్నారా, మా కారణం వింటున్నారా. జేజి మొదటి రోజు నురగను చూసి రాహుకాలం మాట మానేసింది. అలాంటి మనిషితో మాట్లాడుకోవచ్చు.

బిడ్డకు ఇప్పుడు ఏడాది దాటింది. దగ్గితే కుక్క మొరిగినట్టు వినిపిస్తుంది. ఈ జబ్బున్న పిల్లల ఊపిరి గొట్టం గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి అలాగే వస్తుంది, వయసుతో పాటు తగ్గుతుంది. ఊళ్లో దాన్ని గాలి సోకిందంటున్నారని తల్లి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో ఆమెకు ముందే తెలుసు, ఒకసారి నా నోట వినాలని చేసింది. అన్నం బాగా మెత్తగా చేసి, ప్రతి ముద్దకూ నీళ్లు తాగించమని, ఇడ్లీ పెద్ద ముక్కలు పెట్టొద్దని, వచ్చే నెల తేదీ మర్చిపోవద్దని చెప్పి పెట్టేశాను.